వెనక సగం

అన్నదమ్ములిద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉండటానికి కారణం ఒక తలుపు. నాన్న కొన్న చిన్న ట్రాక్టరుకి షెడ్డు వేసేటప్పుడు తలుపు తన ఇంటివైపు ఉండాలని అన్న, కాదు తన ఇంటివైపే ఉండాలని తమ్ముడు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. చివరికి రెండువైపులా రెండు తలుపులు పెట్టించి మాటలు మానేశారు. షెడ్డులోకి గాలి మాత్రం బాగా వచ్చేది.

మాటలు ఆగినా ట్రాక్టరు ఆగకూడదు కదా. ఇద్దరి పొలాలకీ అదొక్కటే దిక్కు. వాళ్ల పెళ్లిళ్లకన్నా పాతది. ఏటా దుక్కికి ముందు విప్పి చూసుకోకపోతే నడిపొలంలో మొరాయిస్తుంది. అందుకని ఒకరికొకరు చెప్పుకోకుండానే పని పంచుకున్నారు. ఇంజను, రేడియేటరు, ముందు చక్రాలు అన్నవి. గేరుపెట్టె, బ్రేకులు, నాగలిని ఎత్తే లిఫ్టు తమ్ముడివి. ఒకే రోజు చెరో తలుపులోంచి వచ్చి చెరో చివర కూర్చునేవారు. గ్రీజు గన్ను ఒక్కటే ఉండేది. తన పని అవగానే అన్న తల తిప్పకుండా దాన్ని వెనక్కి చాపేవాడు. ఒక చెయ్యి వచ్చి అందుకునేది. "ఇంద" అని ఇతను అన్నదీ లేదు, "ఇలా ఇయ్యి" అని అతను అడిగిందీ లేదు.

ఆ తమ్ముడు కిందటి నెలలో నిద్రలోనే పోయాడు.

అన్నకి ఏడుపు రాలేదు. అందరితోపాటు పాడె మోశాడు, వచ్చినవాళ్లకి కుర్చీలు వేశాడు, వెళ్లేవాళ్లతో గుమ్మం దాకా నడిచాడు. "మనిషి కాదు, బండరాయి" అని ఎవరో అంటే విన్నాడు. విన్నా ఏమీ అనిపించలేదు.

"ఒక్కసారి ఏడవండీ, గుండె తేలికవుతుంది" అంది భార్య.

"రాకపోతే ఏం చెయ్యమంటావే?" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు.

తిన్నా, పడుకున్నా ఒకటే అనుమానం. ఇన్నేళ్లూ తమది పంతమే అనుకున్నాడు. ఆ పంతం కింద ప్రేమ అంటూ అసలేమీ లేదా? తోడబుట్టినవాడు పోతే కంట తడి రాని తను ఏపాటి మనిషి? భయపడాల్సిన ప్రశ్నే. భయం కూడా సరిగ్గా వెయ్యలేదు.

వానలు పడ్డాయి. దుక్కి ఆలస్యమైతే రెండిళ్లకీ నష్టమే. ఒకరోజు పొద్దున్నే తన తలుపు తీసుకుని షెడ్డులోకి వెళ్లాడు. ఇంజను కాసేపు ఆడించి, వేడెక్కాక కింది బిరడా విప్పాడు. నల్లటి నూనె బొచ్చెలోకి జారింది. గాలి వడపోసే గిన్నెలో అడుగంటిన మట్టిని డీజిలుతో కడిగాడు. ఫిల్టరు మార్చి కొత్త నూనె పోశాడు. ఫ్యాను బెల్టుని బొటనవేలితో నొక్కి చూశాడు. చేతులు వాటంతటవే తిరిగాయి, బుర్రకి పని పడలేదు. ముందు చక్రాల దగ్గర బుడిపెల్లాంటి నిపిళ్లన్నిటిలోంచీ గ్రీజు ఎక్కించాడు. తల తిప్పకుండా గన్ను వెనక్కి చాపాడు.

చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి భుజం లాగింది. అప్పుడు తిరిగి, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

లేచి వెనక సగం దగ్గరికి వెళ్లాడు. తలుపు గొడవ అయ్యాక ఆ వైపు అడుగుపెట్టడం అదే మొదలు. మేకుకి ఒక గుడ్డ మడతపెట్టి వేలాడుతోంది. గేరు నూనె చూశాడు, సరిపడా ఉంది. బ్రేకు పెడళ్లు సరిచేశాడు. లిఫ్టుకి కుడివైపున్న ఇనుప చెయ్యి కింద ఆఖరి నిపిల్ మాత్రం లొంగలేదు. ఎంత కొట్టినా గ్రీజు లోపలికి పోకుండా బయటికే కక్కుతోంది.

"అది అలా ఎక్కదు బావగారూ."

రెండో తలుపు దగ్గర తమ్ముడి భార్య నిలబడి ఉంది. ఇందాకటి ఇంజను చప్పుడు విని వచ్చినట్టుంది.

"మూసుకుపోయిందేమోనమ్మా."

"లేదండీ. ఆ చెయ్యి ఎత్తిపట్టుకుని ఊపుతూ ఉంటేనే ఎక్కుతుంది. ఒక్కళ్ల వల్ల అయ్యే పని కాదు." ఆమె వచ్చి వంగి, ఆ ఇనుప చేతిని రెండు చేతులా పైకెత్తింది. "ఇప్పుడు కొట్టండి."

"నీకెలా తెలుసు?"

"ఏటా నేనే కదా పట్టుకునేదాన్ని. మీరు ఇంట్లోకి వెళ్లిపోయేదాకా ఆగి మా ఆయన నన్ను పిలిచేవారు. నడుం పట్టేసేదనుకోండి. 'ఇప్పటిదాకా ఆయన ఇక్కడే ఉన్నారుగా, మీ అన్నయ్యనే పిలవొచ్చుగా' అని పోట్లాడేదాన్ని."

"ఏమనేవాడు?"

"'పిలిస్తే చాలు, పరిగెత్తుకొస్తాడే. అందుకే పిలవను' అనేవారు."

అతను గన్ను నొక్కాడు. గ్రీజు లోపలికి ఎక్కింది. కీలు అంచునుంచి పాత నల్ల గ్రీజు బయటికొచ్చింది, దాని వెనక కొత్తది.

"చాలు బావగారూ, నిండింది."

అతని చెయ్యి ఆగలేదు. కొత్త గ్రీజు ముద్దలు ముద్దలుగా నేలమీద పడుతోంది.

"బావగారూ, చాలండీ."

"వచ్చేవాణ్నమ్మా," అన్నాడు. "పిలిస్తే వచ్చేవాణ్ని."

ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే నొక్కుతున్నాడు. మరదలు ఇక చాలనలేదు. ఆ బరువును దించకుండా అలాగే ఎత్తిపట్టుకుంది.