మా గుమాస్తా గారి తరుగు ఫంక్షన్

మా కోల్డ్ స్టోరేజీ గుమాస్తా గారు పోయారని ఆయన కోడలు ఫోన్ చేసేసరికి, ఆయన చేతి కింద పని చేసే నేను ఆఫీసు తాళం తీస్తున్నాను. "నిద్రలోనే పోయారక్కా, ఏం బాధపడలా" అంది. గేటు దగ్గర మిర్చి లారీ ఒకటి అప్పటికే హారన్ కొడుతోంది. గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్ళే దారిలో ఎప్పుడైనా మిరపకాయలు దాచుకున్నవాళ్ళకు ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు.

లోపల పెట్టిన కాయ బయటికి వచ్చేసరికి ఎంతో కొంత బరువు తగ్గుతుంది. దాన్నే తరుగు అంటాం. ఎండి తగ్గిందా, ఎవరైనా తీశారా అన్న అనుమానం ప్రతి రైతుకూ ఉంటుంది. ఉండాలి కూడా. రోజూ ఆ గొడవలు తీర్చలేక ఆయన యాభై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్సెల్‌లో లేని ఫంక్షన్, అంటే లెక్క కట్టే సూత్రం, ఒకటి సొంతంగా రాసి దానికి 'తరుగు' అని పేరు పెట్టారు. తూకాలు, కాయలో తేమ, లోపల ఉన్న నెలలు ఇస్తే, ఎంత తగ్గడం సహజమో అది చెబుతుంది.

అది పని చేసిన రోజు నేను లడ్డూలు తెప్పిద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "అప్పుడే ఏమైందమ్మాయ్, ఇంకా ఆప్షన్లు పెట్టాలిగా" అన్నారు. ఫంక్షన్ తెరిస్తే కనపడే వివరణ, ఏ గడిలో ఏం కొట్టాలో చెప్పే మాటలు, అది ఏ వర్గంలో చేరాలో అన్నీ మనమే పెట్టుకోవచ్చట. చాలామంది వాటిని ఖాళీగా వదిలేస్తారు. ఈయన వాటి మీద వారం కూర్చున్నారు.

మొదట తెలుగులోనే రాశారు. తీరా చూస్తే వివరణ నిండా ప్రశ్నార్థకాలే. ఫంక్షన్లు రాసే ఆ ఎడిటర్‌కి తెలుగు ఎక్కదు. "నేను జవాబు రాస్తే ఇది నన్నే ప్రశ్నలు వేస్తోందేందమ్మాయ్" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చివరికి తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. వివరణ రాసే ఆ డబ్బాలో ఎక్కువ అక్షరాలు పట్టవు. కబుర్ల పుట్ట అయిన మనిషికి అంతకు మించిన శిక్ష లేదు. కోసి కోసి, ఆఖరికి ఇలా మిగిల్చారు: "ముందు లోపలికొచ్చిన తూకం, తర్వాత బయటికెళ్ళే తూకం. తిరగేస్తే సరుకు పెరిగినట్టు చూపిస్తది, రైతు నవ్వుతాడు." వర్గం పేరు మిర్చి.

అంత జాగ్రత్త మనిషీ ఒకసారి దొరికిపోయారు. రైతుకిచ్చే తరుగు చీటీని ప్రింటు చేసే చిన్న ప్రోగ్రాముకి, అదే మాక్రోకి, షార్ట్‌కట్ పెట్టమంటే, చీటీకి సీ అక్షరమే కదా అని కంట్రోల్‌తో కలిపి సీ పెట్టారు. ఆ రోజంతా ఆఫీసులో ఎవరు ఏది కాపీ చెయ్యబోయినా ప్రింటర్ ఒక చీటీ కక్కేది. ప్రింటర్‌కి పూనకం వచ్చిందని నేనంటే, కాదమ్మా, నాకొచ్చింది అని ఒప్పుకుని, షిఫ్ట్ కూడా చేర్చారు. తప్పు ఒప్పుకోవడానికి ఆయనకు క్షణం పట్టేది కాదు. అందుకే ఆయనంటే నాకు అంత ఇష్టం.

ఆయన మంచాన పడ్డాక ఓనరు గారు నన్ను పిలిచారు. "ఆయన తన పనికి నీ పేరే చెప్పారు. ఈ సీజన్ చూద్దాం. రైతులు నీ మాట మీద నిలబడకపోతే మాత్రం వేరే మనిషిని పెట్టక తప్పదమ్మా" అన్నారు. గుమాస్తా గారి కుర్చీ నాకు కావాలని అప్పుడే గట్టిగా అనిపించింది. భయం కూడా వేసింది.

ఆయన పోయిన రెండు రోజులకే ఆఫీసుకి కొత్త కంప్యూటర్ వచ్చింది. ఫైలు తెరిస్తే తరుగు ఉండాల్సిన ప్రతి గడిలో ఎర్రరే. తరుగు లాంటి సొంత మాక్రోలను ఆ కొత్త కంప్యూటర్ ఆపేసింది. బయట ప్రత్తిపాడు పెద్దాయన ఒకరివి సగం టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తూకమై ఉన్నాయి. "అన్నిటికీ పర్మిషన్ ఇచ్చేస్తే పోలా?" అన్నారు ఓనరు గారు. గుమాస్తా గారు అది ససేమిరా ఒప్పుకునేవారు కాదు. "మన మనిషి వస్తే తలుపు తీస్తాం గానీ, రోజంతా బార్లా తెరిచి పెడతామా?" అనేవారు. నేను సెట్టింగుల్లోకి వెళ్ళి, మా ఫైలున్న ఫోల్డర్ ఒక్కదాన్నే నమ్మమని చెప్పి, ఫైలు మూసి మళ్ళీ తెరిచాను. గడులన్నీ నిండాయి. సంతోషమేసింది.

ఆ సగానికి చీటీ అందుకున్న ప్రత్తిపాడు పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "గుమాస్తా గారు చూశారా దీన్ని?" అని అడిగారు.

"ఆయన మొన్న పోయారండీ. నేనే చూశాను."

"అయ్యో. మంచి మడిసి" అని మళ్ళీ చీటీ చూసుకున్నారు. తర్వాత, "తరుగు ఇంత పడిందేందమ్మా?" అన్నారు.

"మీరు తెచ్చినప్పుడు కాయలో తేమ బాగా ఉందండీ. దానికి తోడు ఎండాకాలమంతా లోపలే ఉంది. ఈ మాత్రం తగ్గుతుంది. ఇంకాస్త తగ్గి ఉంటే, ఏదో తేడా ఉందని నేనే మిమ్మల్ని ఆపేదాన్ని."

ఆయన నా మొహంలోకి చూశారు. "నిజమేలే. మబ్బు పట్టిందని సరిగ్గా ఎండకముందే ఎత్తాం" అని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ముఠావాళ్ళు మిగతా టిక్కీలు కాటా మీద పెట్టడం మొదలుపెట్టారు. కాటా ఆడుతుంటే ఏ రైతూ చూపు తిప్పడు. ఆ పెద్దాయన మాత్రం దానికి వీపు పెట్టి నా ఎదురుగా బల్ల మీద కూర్చుని, కాసిని మంచినీళ్ళిమ్మని అడిగారు.