పొడి దగ్గుకి పేరు పెట్టిందెవరు

...సేవ్ నొక్కేశాను. నొక్కాక చూశాను. అప్పటికే అంతా అయిపోయింది.

మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నమ్మకపోతే మా ఓనరు ఖలీల్ భాయ్‌ని అడగండి.

శాలిబండలో మేడ మీద మా డీటీపీ కొట్టు. టైపింగూ, పేజీలు కట్టడమూ నా పని. ఎక్కువగా శుభలేఖలు, కరపత్రాలు. ఆ వారం మాత్రం మూర్తిగారని ఒక పెద్దాయన పుస్తకం తెచ్చారు. కోస్తా నుంచి వచ్చి, కంచన్‌బాగ్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. పుస్తకం రాసింది ఆయన భార్య. పిల్లలకి వాడే వంటింటి మందులు. ఆవిడ ఇప్పుడు లేరు. సంవత్సరీకం రోజున అందరికీ పంచాలని ఆయన ఆశ. పొద్దున్నే ప్రెస్సుకి వెళ్లాలి.

ఆవిడ అదంతా మామూలు నోట్‌ప్యాడ్‌లో కొట్టారు. ప్రతి మందు పైనా హ్యాష్ గుర్తు, పక్కన ఒక పేరు. జ్వరం కషాయం మీద చింటు. కడుపునొప్పి మీద మున్నీ. ఇంకోచోట "కొలతకి #చింటు చూడండి" అని ఉంటుంది. పేజీలు కట్టాక సాఫ్ట్‌వేర్ ఆ పేరు తీసి పేజీ నంబరు వేస్తుంది. అచ్చులో పేరు ఎవరికీ కనబడదు.

"ఈ పేర్లు ఎవరివి సార్?" అని అడిగాను.

"మా వీధి పిల్లలవమ్మా. మందు వాడి తగ్గాకే ఆ పేరు పెట్టేది. పొడి దగ్గుది ఎవరికీ వాడలేదు. చూడు, దానికి పేరే లేదు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక్క వేలితో కొట్టేదమ్మా ఇదంతా. నేను ఆటపట్టించేవాణ్ణి."

ఇక ఆ ముందు రాత్రి నా ఘనకార్యం వినండి. ప్రెస్సు కోసం ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, ఉన్న పేర్లు అలాగే ఉంచమని ఒక గడిలో టిక్ పెట్టాలి. పెట్టకపోతే సాఫ్ట్‌వేర్ వాటిని తీసేసి సొంత నంబర్లు పెట్టుకుంటుంది. మర్చిపోయాను. పైగా మా కొట్టులో పాత ఫైలు మీదే సేవ్ చేస్తాం. రెండు కాపీలుంటే ప్రెస్సుకి తప్పుది పోతుందని భయం. సార్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోనూ అదే వేసేశాను.

వెతికిన పేరు దొరక్క తెర నిండా ప్రశ్నార్థకాలు. "చంటిపిల్లలకి సగమే, ?? చూడండి." ఏ తల్లయినా తప్పు పేజీ తీసిందనుకోండి... చంటిదానికి పెద్దపిల్లల కొలత పడుతుంది.

"భాయ్!"

"ఏందే, గట్ల మొత్తుకుంటున్నవ్?"

"పేర్లన్నీ పోయినయ్ భాయ్. సార్ కాడ ఇంకో కాపీ గూడ లేదు."

"యా అల్లా! పని చేయనీకి వచ్చినవా, నా దుకాణం బంద్ చేయనీకా?" నా మొహం చూసి మెత్తబడ్డాడు. "ఫికర్ జేయకు. చాయ్ తెస్త. ముందుగాల ఆ దగ్గు ఆపు, మానిటర్ పగులుతది."

నిజమే. ఆ వారమంతా నాకు పొడి దగ్గు.

ఆయన కిందికి వెళ్లాడు. అంతే, కరెంటు పోయింది.

యూపీఎస్ అరిచింది. కీం... కీం... అదీ ఆగిపోయింది. తెర నల్లబడింది. కింద ఎవరో షట్టర్ దించిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. నేను దగ్గాను. ఆపుకోలేక మళ్లీ దగ్గాను.

అప్పుడు వినిపించింది.

టక్...

చూరు నీళ్లేమో అనుకున్నాను. వాన లేదు.

టక్... టక్...

నా ముందు నుంచే. కీబోర్డు మీంచి. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నట్టు. నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి. రెండూ. గట్టిగా పట్టుకుని ఉన్నాను.

టక్.

ఆగిపోయింది.

లైట్లొచ్చాయి. సిస్టం మళ్లీ ఆన్ చేశాను. ఫైలు తెరిచాను... చింటు ఉన్నాడు. మున్నీ ఉంది. అందరూ ఎక్కడివాళ్లు అక్కడే. కిందికి జరుపుతూ పొడి దగ్గు దగ్గరికి వచ్చాను.

#పింకి.

ఖలీల్ భాయ్ చాయ్‌తో వచ్చాడు.

"భాయ్, ఎవరన్న పైకొచ్చిన్రా?"

"చాయ్ బండి మెట్ల కాడనే, నేనాడనే ఉంటి. ఎవ్వరు రాలే. ఏమైంది?"

చూపించాను. పకపకా నవ్వాడు.

"ఆటోసేవ్ అయ్యుంటది. దయ్యాలకి తెలుగు టైపింగ్ ఎట్లొస్తదే?"

"మరి ఈ పింకి ఎవరు?"

"గల్లీకొక పింకి ఉంటది. నువ్వు చూసుకొని ఉండవ్."

ఇంట్లో నన్ను పింకి అంటారని ఆయనకి తెలీదు. కొట్టులో నేను సునీతనే. చెబుదామని నోరు తెరిచాను... దగ్గొచ్చింది.

టిక్ పెట్టాను. రెండుసార్లు చూసుకుని ఎక్స్‌పోర్ట్ చేశాను. నంబర్లన్నీ సరిగ్గా పడ్డాయి. ఆ పేరు మాత్రం తీయలేదు. నిజంగా ఆటోసేవేనేమో. ముందు నేనే సరిగ్గా చూడలేదేమో. కానీ ఆవిడ పేరు పెట్టేది తగ్గాకే కదా? నాకింకా తగ్గలేదే!

తెల్లారి, ప్రెస్సుకి బయల్దేరే ముందు, ఇంట్లో ఆ పేజీ ప్రింటు స్టవ్ పక్కన పెట్టుకుని అల్లం, మిరియాలు దంచాను. పటికబెల్లం వేసి మరిగించి, ఊదుకుంటూ మొత్తం తాగేశాను.