టేబుల్ మీద వేళ్లు

సౌదీలోని దమ్మామ్‌లో మా కంపెనీ క్యాంపు ఆఫీసర్ మనోడే, జగిత్యాల వైపు నుంచి వచ్చినవాడు. ఎవరు ఏ కాగితం తెచ్చినా నాలుగు వేళ్లతో టేబుల్ మీద టకటకా కొట్టి, "ఖలాస్", అంటే ఇక అయిపోయింది, అని పంపేసేవాడు.

విదేశీ పనివాళ్ల మీద వేసే లెవీ పెరిగి ఉద్యోగాలు ఊడుతున్న రోజులవి. సంగీతంలో కీబోర్డు గ్రేడ్ పరీక్ష పాసైతే ఊళ్లో పిల్లలకు నేర్పి బతకొచ్చనుకున్నాను. మూడు పాటలు, స్కేళ్లు, నొటేషన్ చూసి వాయించడం, అన్నీ సిద్ధం చేసుకున్నాను. పరీక్ష బహ్రెయిన్‌లో. వెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కావాలి. ఆ కాగితం మీద ఆఫీసర్ సంతకం పెట్టలేదు.

"వాల్వులు బిగించెటోనికి పాటల పరీక్షెందుకురా? ఖలాస్."

వేళ్లు టకటకలాడాయి. ఆ కొట్టడంలో తాళం కూడా సరిగ్గా లేదు. నా పరీక్ష పోయింది.

మరుసటేడు సౌదీలకే ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ రూలు కింద ఆయన కుర్చీ ఒక సౌదీకి ఇచ్చారు. ఆయనకు మళ్లీ రాకుండా ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. ఎయిర్‌పోర్టు బస్సు వచ్చేదాకా నా గదిలో కూర్చున్నాడు.

"మనసేం బాగలేదు తమ్మీ. ఆ పరీక్ష పాటలు జర వాయించు."

కీబోర్డుకు హెడ్‌ఫోన్ల వైరు గుచ్చి, నా చెవులకు తగిలించుకుని మూడు పాటలూ వాయించాను. ఆయనకు వినబడింది మీటల టకటక ఒక్కటే.

"ఏం వినొస్తలేదు గదరా!"

నేను వైరు పీకలేదు.

"ఖలాస్ సార్" అన్నాను.

అంత బాగా మళ్లీ ఎప్పుడూ వాయించలేదు.