ఒప్పుకోని జోజమ్మ గారు

జోజమ్మ గారు సుప్రీంకోర్టు జడ్జిగా రిటైరై తిరువూరు వచ్చేశాక కూడా, తల్లి రూత్ టీచర్ ఆవిడ గురించి ముందుగా చెప్పే మాట ఒక్కటే: "చిన్నప్పుడు నా క్లాసులోనే నాకు ఎదురుతిరిగిందండీ!"

అది ఐదో తరగతిలో సంగతి. కిటికీ అద్దం పగిలితే పిల్లలందరూ ఒకమ్మాయి మీదే చెప్పారు. జోజమ్మ లేచి, "తను నా పక్కనే ఉంది టీచర్. నేనొప్పుకోను" అంది. తల్లికి కోపమైతే వచ్చింది గానీ, ఎత్తిన బెత్తం దించేసింది.

ఎదురుతిరిగిన ఆ పిల్లే లా చదివి మా తిరువూరు కోర్టులో నల్లకోటు వేసుకుంది. ఎదుటి ప్లీడర్లను నవ్విస్తూనే వాదించేది. తర్వాత విజయవాడ, హైకోర్టు, చివరికి ఢిల్లీ.

"అక్కడైనా నలుగురితో కలిసి ఉండవే" అని చెప్పి పంపింది తల్లి.

కలిసే ఉన్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర తోటి జడ్జీలకు గోంగూర పచ్చడి అలవాటు చేసింది ఆవిడే. తీర్పుల దగ్గరే పేచీ.

ఒకసారి వినగడప అనే పల్లెటూరి కేసు వచ్చింది. మిరపకాయలు కోయడానికి యజమాని పంపిన ట్రాక్టరులో కూలీలు వెళుతుంటే, దారిలో అది బోల్తాపడింది. గ్లోరి అనే ఆవిడకు కాలు విరిగి, సరిగా అతకలేదు. యజమాని పరిహారం ఇవ్వాలా, వద్దా?

"ఆ ఊరు మా ఊరికి దగ్గర. మనుషులు మాత్రం తెలియదు. అభ్యంతరముంటే తప్పుకుంటాను" అన్నారు జోజమ్మ గారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు, చేలో దిగాకే పని మొదలైనట్టని తేల్చారు. జోజమ్మ గారు ఒప్పుకోలేదు. "యజమాని పంపిన బండి ఎక్కినప్పుడే కూలీ ఆ పనిలో చేరినట్టు. ఆ పూట ఇంకెక్కడికీ వెళ్లే వీలు ఆమెకు లేదు" అని విడిగా తీర్పు రాశారు.

గ్లోరి ఓడిపోయింది. ఆ సాయంత్రం రూత్ టీచర్ ఫోన్ చేసింది.

"ఒక్కదానివే మిగిలావంటగా?"

"అవునమ్మా."

"బాధగా ఉందా?"

"గ్లోరి గురించి ఉంది. రాసినందుకు లేదు. అవతలి తీర్పు రాసిన పెద్దాయనే నా దాంట్లో అచ్చుతప్పులు కూడా దిద్దిపెట్టాడు!" అని నవ్వారావిడ.

ఈ మధ్య అలాంటి కేసే మరొకటి ఐదుగురు జడ్జీల ముందుకు వచ్చింది. వాళ్లు పాత తీర్పును కొట్టేసి, జోజమ్మ గారు రాసిందే సరైనదన్నారు. కబురు తెలిసి మేం ప్లీడర్లం శాలువా పట్టుకుని వెళ్లేసరికి ఆవిడ ఇంట్లో లేరు. ఆటో ఎక్కి వినగడప వెళ్లిపోయారు.

గుమ్మంలో కూర్చున్న గ్లోరి అంతా విని, "అయితే నా కేసు మళ్లీ తీస్తారా మేడం?" అంది.

"తియ్యరు. మీది అప్పుడే ముగిసిపోయింది" అన్నారు జోజమ్మ గారు నెమ్మదిగా.

గ్లోరి సరిగా అతకని కాలు సర్దుకుంది.

"మా కోడలు ఆరాధన రోజూ ట్రాక్టరెక్కే వెళ్తుందండి. దానికైనా పనికొస్తుందా?"

"వస్తుంది. బండెక్కిన దగ్గర్నుంచీ."

గ్లోరి ముఖం విప్పారింది. కర్ర ఊతంతో లేచి మంచం వాల్చింది.

"మరి నిలబడ్డారేంటండీ? కూర్చోండి. అది వచ్చే వేళయింది, మీరే చెబుదురుగాని. నేను చెబితే నమ్మదు."

జోజమ్మ గారు ఆటో పంపించేసి కూర్చున్నారు.