రంగు లేని రెండు కడ్డీలు

“కళ్ళద్దాలు పెట్టుకో తమ్ముడా, రవ్వ కంట్లో పడతాది. ఇప్పుడు చూడు, నిప్పురవ్వలు గీత గీసినట్టు నేరుగా పోతా ఉండాయి కదా? ఇది మైల్డ్ స్టీలు, మెత్త రకం. దీన్ని నమ్మే నేను చెడినా.”

గోవిందమ్మక్క చేతిలోని కడ్డీని గ్రైండర్ నుంచి తీసి పక్కన పడేసింది. చెన్నై వాషర్‌మెన్‌పేటలో ఒకే లేత్‌తో నడిచే చిన్న వర్క్‌షాపు ఆమెది. భర్త పోయాక పదహారేళ్ళుగా తనే నడుపుతోంది. నేను ఆమె దగ్గర పని నేర్చుకుంటున్నాను.

ఉక్కు రకం తెలియడానికి దుకాణంలో కడ్డీ ఒక కొనకు రంగు పూస్తారు. కోస్తే రెండో కొన వైపే కొయ్యాలి. పోయిన ఏడు అక్క తొందరలో రంగు కొననే కోసేసింది. మిగిలిన ముక్క గట్టి రకం, ఈఎన్ ఎయిట్, అనుకుని ప్రేమ్‌నాథ్ గారి మిల్లింగ్ మెషీనుకు లీడ్ స్క్రూ, అంటే మెషీను బల్లను ముందుకూ వెనక్కూ నడిపే పొడవాటి మర కడ్డీ, చేసిచ్చింది. ఐదు నెలలకే మరలు అరిగిపోయాయి. నెలనెలా ఆమెకు పని ఇచ్చేది ఆయనొక్కరే. “ఇంకొక్కసారి చూస్తా. ఈ సాయంత్రానికి కావాలి” అన్నారు. కొత్త కడ్డీ రావాలంటే నాలుగు రోజులు. ఉన్నవి ఈ రెండే, రెండింటికీ రంగు లేదు.

పక్క షెడ్డు వెల్డర్ కన్నియప్పన్ తల దూర్చాడు. “స్టెయిన్‌లెస్ వేసెయ్యక్కా. తళతళా ఉంటాది, తుప్పు పట్టదు.”

“నీ పెళ్ళాం గరిటెకి వెయ్యి పోరా! మర కోసేలోపల నా టూలు మొండిదయిపోతాది.”

రెండో కడ్డీ ఆనించింది. రవ్వలు కొమ్మలు వేసి, చివర పువ్వుల్లా పేలాయి. డ్రాయర్లోంచి ఖాయంగా ఈఎన్ ఎయిట్ అని తెలిసిన ముక్క తీసి ఆనించింది. అవే కొమ్మలు, అవే పువ్వులు.

“ఆమా, అవును, ఇదే! పట్టు తమ్ముడా, ఆ కొన పట్టు!”

భోజనం మాటే మరిచింది. మర కోస్తూనే నాకు చెబుతోంది: “స్క్రూ మీద నడిచే కంచు నట్టు అరగాల, స్క్రూ అరగకూడదు. నట్టు మార్చేది అర పూట పని. స్క్రూ పోతే మెషీనే పడుకుంటాది.”

నాలుగింటికి నూనె రాసి నట్టు ఎక్కించి వేలితో తిప్పింది. మీటరు పొడవునా ఎక్కడా పట్టుకోకుండా చివరిదాకా జారింది. అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

“సారుకు ఫోన్ చేసేదా అక్కా?”

“ఫోనొద్దు. మాటలు పోయినసారీ చెప్పినా కదా. బండేసుకోని పో, సారును ఎనక కూర్చోబెట్టుకోని రా. గ్రైండర్ కాడ ఆయనే నిలబడి ఈ కడ్డీలో మిగిలిన ముక్క రవ్వలు చూడాల, నట్టు ఆయన చేత్తోనే తిప్పాల. పో నాయనా, ఆయన షాపు మూసేలోపల పో!”