ఖండం మాస్టారి హాజరు

ఖండం మాస్టారికి పిల్లల పేర్లు గుర్తుండవు, దేశాలే గుర్తుంటాయి. ఆరో తరగతిలో అడుగుపెట్టిన రోజే ఒక్కొక్కరికీ ఆఫ్రికాలో ఒక్కో దేశం రాసిచ్చేస్తారు, తాతలనాటి ఆస్తి పంచినంత ధీమాగా. ఆ క్షణం నుంచి కన్నవాళ్ళు పెట్టిన పేరు గేటు బయటే ఆగిపోతుంది. "ఈజిప్టూ, కిటికీ మూయమ్మా." "గాబన్, ముక్కు తుడుచుకో నాయనా." "ఒరేయ్ అంగోలా, నైజీరియా జడ లాగకు! మధ్యలో ఇన్ని దేశాలుండగా నీ చెయ్యి అంత దూరం ఎలా పోయిందిరా?"

ఆయన క్లాసులో బెంచీలు కూడా ఆఫ్రికా ఆకారంలోనే ఉంటాయి. ఫ్యాను తిరగని చోటు సహారా. కిటికీలవైపు అట్లాంటిక్, గోడవైపు హిందూ మహాసముద్రం. ఆ గోడ పక్కనే ఒంటరిగా వేసిన కుర్చీ మడగాస్కర్. కవలలిద్దరికీ రెండు కాంగోలు దక్కాయి. వాళ్ళ బెంచీల మధ్య నడిచే దారి కాంగో నది. "దాటితే మొసలి లాగేస్తుంది" అన్నారు మాస్టారు. అంతే, అన్నదమ్ములు ఒడ్డున కూర్చునే తిట్టుకునేవారు.

హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అన్నవాడికి ఆబ్సెంటు పడుతుంది. తన దేశపు జంతువో, నదో, కొండో పలకాలి. "మడగాస్కర్!" "లెమూర్ వచ్చింది సార్!" "మాలి!" "నీటిగుర్రం వచ్చింది సార్, హోమ్‌వర్కు రాలేదు!"

ఒకసారి ట్యునీసియా లేచి, "ఆఫ్రికా వాళ్ళు ఏం తింటారు సార్?" అని అడిగాడు.

"మీ ఇంట్లో నువ్వూ మీ అక్కా ఒకటే తింటారా?"

"అక్క నా ప్లేటులోది కూడా తింటుంది సార్."

"ఒక ఇంట్లోనే కుదరనిది అంత ఖండంలో ఎలా కుదురుతుందిరా? ఏ దేశం, ఏ ఊరు, ఎవరిల్లు, అది అడుగు. నైజీరియా, మీ లాగోస్‌లో జనం అడవిలో తిరుగుతుంటారా?"

"లేదు సార్, ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటారు."

ఇదంతా కొత్తగా బదిలీ మీద వచ్చిన పెద్దమేడానికి అక్షరం పొల్లు పోకుండా వినిపించేది. ఆవిడ ఆఫీసుకీ ఆరో తరగతికీ మధ్య ఉన్నది పైకప్పు దాకా అందని చెక్క అడ్డుగోడ. అటు ఎవరైనా తుమ్మితే ఇటు కాగితాలు ఎగిరేవి. ఆవిడకేమో ప్రతిదీ దాని చోట దాని పేరుతో ఉండాలి. పెన్నుల డబ్బా మీద కూడా "పెన్నులు" అని చీటీ అంటించుకునే మనిషి.

వచ్చిన వారంలోనే ఆవిడ కొంప మునిగింది. ఆటల పీరియడ్‌లో ఒక అబ్బాయి మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తూ వచ్చాడు. పేరడిగితే "మాలి మేడం" అన్నాడు. నంబరు చెప్పించుకుని వాళ్ళ నాన్నకి ఫోన్ చేశారావిడ.

"మీ మాలి పడిపోయాడండీ."

"మాకు మాలి ఎక్కడండీ? ఇంట్లో ఉన్నవే రెండు కుండీలు."

"అయ్యా, పాపం ఏడుస్తున్నాడు."

"అంత పెద్దవాడు ఏడవడమేంటండీ! ఎవరి మాలో కనుక్కోండి."

చివరికి పిల్లవాడే ఫోన్ లాక్కుని, "నాన్నా, నేనే మాలిని!" అని అరిచాడు. అవతల నాన్న గొంతు పెరిగింది. "బడికని పంపిస్తే తోటపనిలో ఎప్పుడు చేరావురా?"

పెద్దమేడం ముఖం కందగడ్డ అయింది. విసురుగా వరండాలోకి వచ్చేసరికి, బుడంకాయంత పిల్ల ఒకతె మెట్టు మీద నిలబడి ఉంది. ఆమె ముందు తాటిచెట్టులాంటి కుర్రాడు ఖాళీ సీసా చాపి, "లెసోతో, కాసిని నీళ్ళు పొయ్యవా" అని బతిమాలుతున్నాడు.

"ఒకటో తరగతి అటువైపమ్మా," అన్నారు మేడం.

"నేను ఆరో తరగతి మేడం. లెసోతోని. వీడు దక్షిణాఫ్రికా. నా చుట్టూ వీడే ఉంటాడు, కానీ నా కొండల నీళ్ళు రాకపోతే వీడి గొంతెండిపోతుంది." పిల్ల గడ్డం పైకెత్తింది. "ప్రపంచంలో ఏ దేశపు పల్లంతో పోల్చినా మా పల్లమే ఎత్తు మేడం. సార్ చెప్పారు."

మేడానికి తల తిరిగింది. ఆ సాయంత్రమే మాస్టారిని పిలిపించారు.

"ఇంట్లో పేరు పెట్టి పిలిస్తే పిల్లలు పలకడం లేదని తల్లులు మొత్తుకుంటున్నారు మాస్టారూ. రేపటి నుంచి అసలు పేర్లే పిలవాలి. మీకు గుర్తుండవంటే చెప్పండి, ఆరో తరగతిని డ్రిల్లు మాస్టారికి అప్పగిస్తాను."

మాస్టారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకోవడం మరిచిపోయారు. "ఒక్కరికి మాత్రం ఉంచుకోనా మేడం?"

"ఎవరికి?"

"వద్దులెండి. ఒక్కరికే ఉంచితే మొదటికే మోసం."

మర్నాడు అడ్డుగోడ అవతల హాజరు మొదలైంది. మేడం చెవులు రిక్కించారు. మాస్టారు ఇంటిపేర్లతో సహా గడగడా పిలుచుకుపోతున్నారు. ఎక్కడా తడబాటు లేదు. గుమ్మం దాకా వెళ్ళి తొంగిచూస్తే రిజిస్టరు మూసే ఉంది. పేర్లు గుర్తుండని మనిషికి క్లాసు మొత్తం కంఠతా వచ్చు!

ఒక పేరు దగ్గర మాత్రం ఎవరూ పలకలేదు. వెనక బెంచీ నుంచి నిన్నటి దక్షిణాఫ్రికా అలవాటుగా అందించాడు.

"అర టికెట్టు సార్!"

క్లాసు గొల్లుమంది. ఆ నవ్వు సందులో పాతవన్నీ బయటికొచ్చాయి. కళ్ళజోడు పిల్లకి గుడ్లగూబ, లావు పిల్లవాడికి బస్తా. నిన్న గడ్డం పైకెత్తిన పిల్ల ఇవాళ బెంచీ కిందికి జారిపోయింది, పైకి రెండు రిబ్బన్లు మాత్రం కనిపిస్తున్నాయి. మాస్టారు గద్దిస్తే నవ్వు ఆగింది గానీ రిబ్బన్లు పైకి లేవలేదు. పీరియడ్ అయ్యాక ఆ పిల్ల సంచి సర్దుకుంటూ, "రేపటి నుంచి నేను రాను సార్" అంది. మేడానికి అదీ వినిపించింది. మనసు చివుక్కుమంది.

మాస్టారు వరండాలోకి రాగానే మేడం అడ్డం పడ్డారు. "పేర్లన్నీ మీకు కంఠతా వచ్చుగా, మరి కొత్త పేర్లు పెట్టడం దేనికి?"

"పేర్లు పెట్టడం నేను మొదలుపెట్టలేదు మేడం. వాళ్ళు పెట్టుకున్నవి తీసేయడానికి నేనూ పెట్టాల్సొచ్చింది. తిట్టి చూశాను, నా ముందు మానేసి గేటు దగ్గర అనేవారు."

"ఆ ఒక్క పిల్లకీ పెడితే సరిపోయేదిగా?"

"ఒక్కరికే పెడితే జాలి అంటారు మేడం. క్లాసంతటికీ పెడితే పిచ్చి అంటారు. జాలి అయితే ఆ పిల్ల మొయ్యాలి. పిచ్చి అయితే నేను మోస్తాను."

మేడానికి కళ్ళు చెమ్మగిల్లినట్టనిపించి, ఎవరూ చూడకుండా ఆఫీసులోకి వెళ్ళి కూర్చున్నారు. ఇచ్చిన ఆర్డరు ఇచ్చినట్టే ఉంది. దాన్ని ఏ మొహంతో వెనక్కి తీసుకోవాలో ఆవిడకి తెలియలేదు.

దారి చూపించినవాడు ఆ మాలి నీటిగుర్రమే. మధ్యాహ్నం బెల్లు కొట్టేలోపు మళ్ళీ పడ్డాడు, ఈసారి రెండో మోకాలు. మేడం వాడికి దూదితో మందు రాసి, ఫోన్ అందుకున్నారు. అడ్డుగోడ అవతల అదే సమయానికి మాస్టారు మధ్యాహ్నం హాజరుకి రిజిస్టరు తెరిచారు. పిల్లలు నీరసంగా కూర్చున్నారు. రిబ్బన్లు ఇంకా బెంచీ మట్టానికే ఉన్నాయి.

గోడ ఇవతల నుంచి పెద్దమేడం గొంతు ఖంగుమంది.

"నమస్కారమండీ, స్కూలు నుంచి. మాలి మళ్ళీ పడిపోయాడు." అవతల ఏదో అన్నారు. "తోటమాలి కాదండీ, దేశం! ఆఫ్రికాలో దేశం! మీ ఇంట్లో దేశాన్ని పెట్టుకుని మీకే తెలియకపోతే ఎలాగండీ? ... అవును, మా బడిలో అలాగే పిలుస్తాం!"

మాస్టారు అడ్డుగోడ వైపు ఒకసారి చూసి, రిజిస్టరు మూసేసి, గొంతు సవరించుకున్నారు.

"లెసోతో!"

బెంచీ కిందినుంచి ముందు రిబ్బన్లు లేచాయి, తర్వాత గడ్డం లేచింది, తర్వాత పిల్ల బెంచీ ఎక్కి నిలబడింది.

"అన్నిటికన్నా ఎత్తు పల్లం, వచ్చింది సార్!"

వెనక నుంచి ఖాళీ సీసా ఒకటి భయంభయంగా ముందుకొచ్చింది. "తప్పయిపోయింది లెసోతో. పొద్దుట్నుంచీ దాహం."

లెసోతో కాసేపు ఆలోచించి, సీసా నింపింది, సగం వరకే.