తొమ్మిదో సున్నా

ఈ ఉదయం కిటికీ తెరవగానే కోసిన పచ్చగడ్డి వాసన వచ్చింది. పార్కులో ఎవరో బేస్‌బాల్ ఆడుతున్నట్టున్నారు. బంతి కర్రబ్యాటుకు తగిలిన చప్పుడు వినగానే వాల్టర్ గుర్తొచ్చారు.

రిటైరై అమెరికాలో, షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇంటికి చేరిన కొత్తలో, ఎదురింటి వాల్టర్ నన్ను తమ క్లబ్బులోకి లాగారు. డబ్బు తీసుకుని ఆడే జట్లు మొదలైన కాలంలో ఆట ఎలా ఉండేదో అలాగే ఆడే క్లబ్బు అది. చేతికి తొడుగుల్లేవు. బంతిని కిందినుంచి విసరాలి. మొదలుపెట్టినవాడే చివరిదాకా విసరాలి. మా అల్లుడు రవి కూడా అందులో ఆడేవాడు. నాకు స్కోరుబోర్డు అప్పగించారు. ఇన్నింగ్స్ అయ్యాక అంకె వేసిన చెక్కపలకను కొక్కేనికి తగిలించడమే పని. క్రమం తప్పడం నాకు చేతకాదు కనుక ఆ పని బాగా నచ్చింది.

వాల్టర్ తాతగారు ఆ తొలినాటి జీతపు ఆటగాడు. "అవతలి జట్టుకు ఆటంతా ఒక్క పరుగూ ఇవ్వకపోతే అప్పట్లో వాళ్ళని షికాగో చేశారనేవారు, రావ్. మా తాత చేశాడు. నేను ఇంకా చెయ్యలేదు" అనేవారు.

రెండు వేల తొమ్మిది వేసవిలో ఆయన భుజానికి ఆపరేషన్ ఖాయమైంది. ఆ తర్వాత బంతి విసరకూడదన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు ముందు ఆదివారమే ఆయన చివరి ఆట.

ఆ రోజు అవతలి జట్టు పేరు పక్కన నేను వరసగా సున్నాలే తగిలించాను. తొడుగుల్లేని ఆటలో పరుగులు ధారాళంగా వస్తాయి కనుక క్లబ్బు పెట్టెలో సున్నా పలకలు కొన్నే ఉండేవి. ఎనిమిదో ఇన్నింగ్స్ ముగిసేసరికి అవి నిండుకున్నాయి. బెంచీ దగ్గరికి వెళ్ళి గట్టిగానే చెప్పాను.

"వాల్టర్, సున్నాలు అయిపోయాయి. ఇంకొకటి కావాలి!"

రవి తల పట్టుకున్నాడు.

"అయ్యో మామయ్యగారూ! అలా ఆడుతున్నవాడి దగ్గర సున్నా మాటే ఎత్తకూడదండీ. జింక్స్ అయిపోతుంది, దిష్టి తగిలినట్టు. అందుకేగా అందరం గంటనుంచి నోరు మూసుకుని కూర్చున్నాం!"

"పలక లేకపోతే నన్నేం తగిలించమంటావయ్యా?"

వాల్టర్ ఒక్కరే నవ్వారు. పెట్టెలోంచి ఏడో అంకె పలక తీసి, తిరగేసి, సుద్దముక్కతో పెద్ద సున్నా చుట్టి నా చేతిలో పెట్టారు.

"దగ్గరుంచుకో. కాసేపట్లో కావాలి."

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యారు; మూడోవాడు అవుటైతే ఆట ముగిసినట్టే. ఇంకొకడు పరుగుకు ముందరి ఆఖరి మజిలీ అయిన మూడో బేస్ దాకా వచ్చి కాచుకున్నాడు. తర్వాతి బ్యాటర్ కొట్టిన బంతి నేరుగా వాల్టర్ రొమ్ము మీదికే దూసుకొచ్చింది. ఆయన ఒట్టి చేతుల్తో పట్టేశారు. అందరూ ఆయన మీద పడిపోతుంటే, ఎర్రగా కందిన అరచేతిని ఊపుతూ నా వైపు అరిచారు.

"ఏం చూస్తున్నావ్ రావ్? తగిలించు!"

వాల్టర్ ఇప్పుడు లేరు. యాభై ఏళ్ళకు పైగా డైరీ రాస్తున్నాను; జరిగిపోయిన రోజునే రాసేవాణ్ణి. ఆ ఆదివారం నుంచి, ఆ రోజు సంగతులు ముగించాక పేజీ తిప్పి, మర్నాటి తేదీ కూడా వేసి పెడుతున్నాను. ఈ వయసులో అంత నమ్మకమేమిటని అమ్మాయి నవ్వుతుంది. కాసేపట్లో కావాలి కదా, అంటాను.